ప్రాణహిత లోయలోని అస్థిసాక్ష్యము

సింగరేణి బొగ్గు నెఱుగని తెలుగువాడుండడు. ఇల్లెందు మొదలుకొని బెల్లంపల్లి వఱకును భూగర్భమునుండి త్రవ్వి తీయబడుచున్న ఆ నల్లని పదార్థము ఒకానొక కాలపు అడవుల అవశేషమని పాఠశాల బాలురు సైతము చెప్పగలరు. అయితే ఆ బొగ్గుపొరలకు దిగువ నేమున్నదో, ఎగువ నేమున్నదో విచారించినవారు మనలో అరుదు. దిగువనున్నవి ఒడలెల్ల గీతలు పడిన గండశిలలు. వానిని అచ్చటికి ఈడ్చి తెచ్చినది నీరు గాదు, మంచు. ఎగువనున్నది సున్నపు కంకరతో నిండిన ఎఱ్ఱని బంకమట్టి. అందు మొసలిని బోలిన సరీసృపముల దంతములు, పక్షిముక్కువంటి మూతిగల శాకాహారుల దవుడలు, మంచినీటి ఆలుచిప్పలు దొరకుచున్నవి. ఆ మట్టికిని ఎగువ, పొలుసు చెదరని చేపలను తన పలకల నడుమ దాచుకొన్న సున్నపురాయి యున్నది. వేసవిలో 45 డిగ్రీల ఎండ కాయు రామగుండము, ఆసిఫాబాదు ప్రాంతములలోనే తొలుత మంచుదిబ్బలును, పిదప చిత్తడి వనములును, అటుపిమ్మట ఎండి బీటలు వాఱు ఎఱ్ఱని మైదానమును, ఆ వెనుక విశాలమైన సరస్సును ఉండెనని చెప్పినచో వినువారికి విడ్డూరము గలుగుట సహజమే. ఏ మానవుడును చూడని యీ మార్పుల నింత నిబ్బరముగా చెప్పుటకు శాస్త్రజ్ఞులకు గల యాధారమేమి?

ఆధారము శిలాజములని ఒక్కమాటలో సమాధానము చెప్పుట వాడుక. ఆ మాట తప్పు గాదు గాని చాలదు. ఎముక తనంతట తాను చెప్పునది మిక్కిలి స్వల్పము. అది ఏ రాతిలో నున్నది, ఏ భంగిమలో నున్నది, దాని ప్రక్క నేవి యున్నవి, ఉండవలసిన వేవి లేవు అను ప్రశ్నలకు సమాధానము దొరకిననాడే ఆ యెముక నాటి నేలను, నీటిని, గాలిని గుఱించి మాటాడనారంభించును. జంతువు పూడుకొనిపోయిన చోటు అది బ్రతికిన చోటు కానక్కఱలేదు. ఈ భేదమును మఱచినవాడు ఎన్ని యెముకలు కూడబెట్టినను ప్రాచీన వాతావరణమును తెలిసికొనలేడు.

క్రుంగుచు నిండిన లోయ

వార్ధా, వైనగంగా నదుల కూడికచే నేర్పడిన ప్రాణహిత కాళేశ్వరముకడ గోదావరిలో గలియును. ఆ నదులు నేడు ప్రవహించు పల్లము నిన్న మొన్నటిది గాదు. వాయవ్యమునుండి ఆగ్నేయమునకు సాగు ఈ పట్టెలో భూమి యొక్క పైపెంకు ఇరువైపుల బీటలు వాఱి, నడిమి భాగము కోట్లకొలది సంవత్సరములపాటు మెల్లమెల్లగా క్రిందికి దిగుచు వచ్చెను. పల్లమున్నచోటికి నీరు చేరును. నీటితోపాటు ఇసుకయు, ఒండును, చచ్చిన జంతువులును చేరును. పల్లము ఒక్కసారి నిండిపోయినచో కథ అంతటితో ముగిసియుండెడిది. కాని అడుగు క్రుంగుచునే యుండుటచేత నిండినకొలదియు మఱల చోటు కలుగుచు, ఒకదానిపై నొకటిగా స్తరములు పేరుకొనెను. ఎత్తైన ప్రదేశములు ఎల్లప్పుడును అరిగిపోవునే గాని దేనిని నిలుపుకొనవు. కావుననే దక్కను పీఠభూమియందు అంతటను దొరకని యీ చరిత్ర ఈ సన్నని పట్టెలో మాత్రము నిలిచినది.

అడుగున నున్న గీతలు పడిన గండశిలలు సుమారు 30 కోట్ల సంవత్సరముల నాటివి. ఒడిశాలోని తాల్చేరు పేరిట పిలువబడు ఈ శిలాసముదాయమువంటివే ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, అంటార్కిటికాలలోను గలవు. బొగ్గునకు మూలమైన గ్లాసాప్టెరిస్ వృక్షముల యాకులును ఆ ఖండములన్నింటను దొరకుచున్నవి. ఈ ఖండములన్నియు నొకప్పుడు గోండ్వానా యను మహాభూఖండముగా నొక్కటై యుండెననియు, అప్పుడు మన దేశము దక్షిణ ధ్రువమునకు సమీపమున నుండి పిదప ఉత్తరమునకు జరిగెననియు నేడు నిశ్చయమైనది. అనగా రామగుండపు నేలపై వాతావరణము మాఱుటకు గల కారణములలో నొకటి, ఆ నేల తానే స్థానము మాఱుట. ఈ సంగతి తెలిసినపిదప మంచునుగూర్చిన విడ్డూరము తీఱును గాని, మిగిలిన కథ తెలియుటకు ఎముకలను ఆశ్రయింపవలసినదే.

వివరణ: ఎముక ఱాయి యగుట

చచ్చిన పశువును బయట వదలినచో నక్కలు, కుక్కలు, పురుగులు మాంసమును తినును. ఎండకు, వానకు ఎముక పైపొర పగిలి పెచ్చులూడి, కొలది యేండ్లలో పొడియై మట్టిలో గలిసిపోవును. ఇది సామాన్య నియమము. శిలాజమగుట దీనికి అపవాదము. ఎముక నిలువవలెనన్నచో అది త్వరగా పూడవలెను. పూడినపిదప మట్టిలోని నీరు దాని సూక్ష్మరంధ్రములలో ప్రవేశించి, తనలో కరగియున్న సున్నమును, ఇసుకసత్త్వమును, ఇనుమును అచ్చట వదలుచు పోవును. ఎముకలోని ఖనిజభాగము సైతము నెమ్మదిగా మార్పు చెందును. అయినను రూపము చెడదు. సూక్ష్మదర్శినిలో చూచినచో రక్తనాళములు నడచిన మార్గములు, పెరుగుదల నిలిచినప్పటి వలయములు కోట్ల యేండ్ల తరువాతను స్పష్టముగా కానవచ్చును.

మాలేరి ఎఱ్ఱమట్టి

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో, ఆసిఫాబాదు ప్రాంతమున, మాలేరి యను చిన్న గ్రామము గలదు. తెలుగుదేశమున అంతగా ఎవరును వినని యీ యూరి పేరు ప్రపంచమునందలి పురాజీవ శాస్త్రజ్ఞులందఱికిని సుపరిచితము. నాగపురమున క్రైస్తవ మతప్రచారకుడుగా నుండిన స్టీఫెన్ హిస్లాప్ 19వ శతాబ్ది నడుమ ఈ ప్రాంతపు శిలాజములను సేకరించి పండితుల దృష్టికి దెచ్చెను. ఆయన 1863లో వఱదతో పొంగుచున్న వాగును దాటబోయి మునిగి మరణించెను. ఇచ్చటి జంతువులలో ననేకములకు గూడ అట్టి మరణమే ప్రాప్తించెనని తరువాతి తరమువారు కనుగొనిరి. ఇట నుండి లభించిన మొసలివంటి సరీసృపమునకు ఆయన పేరిట పారాసూకస్ హిస్లాపీ యని నామకరణము జరిగినది.

ఆ పిమ్మట చాలకాలము అచ్చటచ్చట దొరకిన ముక్కలతోనే పని సాగెను. 1957లో కలకత్తాలోని భారత గణాంక సంస్థ అధిపతి ప్రశాంతచంద్ర మహలనోబిస్ తన సంస్థయందు భూగర్భశాస్త్ర విభాగమును స్థాపించి, లండనునుండి పమేలా లాంప్లఫ్ రాబిన్సన్ అను విదుషిని రప్పించెను. గణాంకశాస్త్రమునకును ఎముకలకును పొత్తేమని ఆనాడు కొందఱు నవ్వియుండవచ్చును. కాని లెక్కపెట్టి, కొలిచి, స్థానము గుర్తించి, ఆ వెనుకనే ఎముకను కదలింపవలెనను క్రమశిక్షణ ఇటువంటి సంస్థలో పుట్టుట నాకు ఆశ్చర్యము గొలుపదు. ఆమె శిక్షణలో పెరిగిన భారతీయ శాస్త్రజ్ఞులు మాలేరి ఎఱ్ఱమట్టిలో నుండి, సుమారు 22, 23 కోట్ల సంవత్సరముల క్రిందటి ఒక సంపూర్ణ జీవసమాజమును వెలికి దీసిరి.

ఆ సమాజములోని సభ్యుల శరీరనిర్మాణమే మొదటి సాక్ష్యము. పారాసూకస్‌కు పొడుగైన మూతి, పదునైన పండ్లు మొసలికివలెనే యున్నవి. అయితే మొసలికి మూతి కొసనుండు నాసారంధ్రములు దీనికి కన్నుల చెంతనే, తలపై నున్నవి. ఒడలంతయు నీట ముంచి, ఊపిరి మాత్రము పైన తీసికొనుచు పొంచియుండుటకు ఇంతకన్న అనువైన ఏర్పాటు లేదు. మెటపోసార్ అను భారీ ఉభయచరపు తల పలుచగా, బల్లపరుపుగా నుండి, కన్నులు ముందువైపునకు జరిగియున్నవి. అదియును నీటి యడుగున పడియుండి పైకి చూచు జంతువు. ఊపిరితిత్తులు గల చేపల దంతఫలకములును, మంచినీటి ఆలుచిప్పలును వీనికి తోడుగా దొరకినవి. ఇంతవఱకు చూచినచో మాలేరి ఒక నిండు జలప్రదేశమనియే తోచును.

కాని అదే మట్టిలో హైపెరోడపెడాన్ ఎముకలు మిక్కుటముగా నున్నవి. ఇది పందివలె బరువైన శరీరమును, కొక్కెమువలె వంగిన ముక్కును, పలు వరుసల దంతములతో నిండిన దవుడలును గల శాకాహారి. పైదవుడలోని గాడిలో క్రిందిదవుడ అంచు కచ్చితముగా దిగునట్లుండుటచే గట్టి మొక్కలను కత్తిరించి నలుపుట దీనికి సుకరము. ఇది నీటిప్రాణి కాదు. దీని బంధువులు స్కాట్లండులో, బ్రెజిలులో, అర్జెంటీనాలో, టాంజానియాలో సైతము దొరకుటచేత, ఆ కాలమున ఈ దేశములనుండి దేశములకు కాలినడకను పోవుటకు సముద్రము అడ్డు లేకుండెనని స్పష్టమగుచున్నది.

ఇక జలచరములును, భూచరమును చెప్పని విషయమును మట్టియే చెప్పును. మాలేరి బంకమట్టిలో తెల్లని సున్నపు గడ్డలు విరివిగా గలవు. మన నల్లరేగడి నేలలను దున్ను రైతునకు ఇట్టి సున్నపు కంకర క్రొత్త గాదు. వానకాలమున నీరు మట్టిలోని సున్నమును కరగించుకొని లోతునకు దిగును. వానలు వెనుకబట్టి ఎండ ముదిరినపుడు ఆ తేమ మఱల పైకి ప్రాకి ఆవిరియైపోవును. ఆవిరి కాజాలని సున్నము మాత్రము నడుమ నెక్కడనో గడ్డగట్టును. ఏడాది పొడవున వాన గురియు దేశమున సున్నము కొట్టుకొనిపోవునే గాని నిలువదు; వాన యెఱుగని ఎడారిలో కరగుటయే జరుగదు. అనగా సున్నపు గడ్డ యున్నచోట వానకారును ఎండకారును రెండును ఉండితీరవలెను. మట్టి యొక్క ఎఱుపును ఈ మాటనే బలపఱచును. నేల ఎండి గాలి సోకినపుడే అందలి ఇనుము తుప్పుపట్టి ఎఱ్ఱబాఱును. నిత్యము నీట నానుచుండు బొగ్గు అడవుల యడుగు మట్టి బూడిదవన్నెగా నుండుటకు కారణమును ఇదియే.

హైపెరోడపెడాన్ ఎముకల అడ్డుకోతలలో కానవచ్చు పెరుగుదల వలయములు సైతము, ఆహారము సమృద్ధిగా నున్న కాలమును, కొఱవడిన కాలమును ఒకదాని వెంట నొకటి నడచినట్లు తెలుపుచున్నవి. భూఖండములన్నియు నొక్కటై యుండిన ఆ రోజులలో విశాల భూభాగము వేసవిలో మిక్కిలి వేడెక్కి, సముద్రము మీది తేమగాలులను బలముగా లాగికొనుచు, ఒక మహాఋతుపవనమును నడపెనని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. ఈ యూహను తొలుదొలుత ప్రతిపాదించినవారిలో రాబిన్సన్ ఒకతె. మన తెలుగుదేశమున తొలకరికై ఆకాశము వంక చూచు అలవాటు మనుష్యునికన్న ఎంతో పురాతనమైనది గాబోలును.

మాలేరిలో దొరకిన సాక్ష్యములలో నాకు మిక్కిలి ముచ్చట గొలుపునది మఱియొకటి గలదు. పారాసూకస్ అస్థిపంజరములు రెండు, అవయవములు చెదరక, ప్రక్కప్రక్కన దొరకినవి. ఆ రెండింటి కడుపులు ఉండవలసిన చోటులలో సన్నని బల్లివంటి వేఱొక సరీసృపపు ఎముకలు కానవచ్చెను. అది శాస్త్రమునకు క్రొత్త జాతి. దానికి మలేరిసారస్ రాబిన్సనే యని 1980లో శంకర్ చటర్జీ పేరు పెట్టెను. తిన్నదియు తినబడినదియు నొకచోటనే శిలయైన యీ యుదంతమువలన నాటి ఆహారశృంఖలలోని ఒక కొలికి ఊహతో పనిలేకయే తెలిసినది. అంతేగాక, ఆ రెండు శరీరములును చెదరకుండుటచేత అవి పూడిన చోటు ప్రవాహవేగము లేని నిశ్చలప్రదేశమనియు తేలినది. ఎఱ్ఱమట్టిలో రాశులుగా దొరకు శిలీభూతమలము సైతము ఇట్టి సాక్ష్యమే. చదువరులు ముక్కు మూసికొనవలసిన పనిలేదు, అది యిప్పుడు కేవలము ఱాయి.

నది చెఱిగిన యెముకలు

ప్రవాహమున్నచోట కథ వేఱుగా నడచును. మన యిల్లాండ్రు చేటలో ధాన్యము పోసి చెఱుగునపుడు పొల్లు ఎగిరి దూరముగా పడును, గింజ నడుమ నిలుచును, ఱాయి చేట మొదటికి చేరును. నది జంతువు ఎముకలను సరిగా ఇట్లే చెఱుగును. 1969లో అమెరికాలోని మైకేల్ వోరీస్ అను శాస్త్రజ్ఞుడు గొఱ్ఱె మొదలగు జంతువుల ఎముకలను కృత్రిమమైన నీటికాలువలో వదలి పరీక్షించెను. తేలికయగు ప్రక్కటెముకలు, వెన్నుపూసలు నీరు కదలిన వెంటనే కొట్టుకొనిపోయెను. కాళ్ల పొడుగు ఎముకలు ఆగియాగి జరిగెను. కపాలమును క్రింది దవుడయు కడపటివఱకు కదలక నిలిచెను.

ఈ చిన్న పరీక్ష పెద్ద యుపకారము చేసినది. ఒక పొరలో కపాలములును దవుడలును మాత్రమే దొరకినచో, తేలిక యెముకలను ప్రవాహము మోసికొనిపోయినదని గ్రహింపవచ్చును. వెన్నుపూసలును ప్రక్కటెముకలును మాత్రమే గుమిగూడియున్నచో అవి వేఱొకచోటినుండి వచ్చి చేరినవి. అన్నియు కలిసియున్నచో జంతువు అచ్చటనే, లేదా సమీపముననే పడిపోయినది. కెన్యాలోని అంబోసెలీ మైదానమున కే బెహ్రెన్స్‌మేయర్ అను విదుషి పశువుల కళేబరములను పరిశీలించి, ఎండవానలకు ఎముక ఏ క్రమమున పగులునో, పెచ్చులూడునో మెట్లుమెట్లుగా నిరూపించెను. ఆ క్రమమునుబట్టి శిలాజపు పైపొరను చూచినంతనే అది పూడుటకు మునుపు ఎంతకాలము బయట పడియుండెనో అంచనా వేయవచ్చును. కావుననే క్షేత్రములో ఎముకను చూచిన వెంటనే పెఱికి సంచిలో వేసికొనుట సాక్షిని చంపుటతో సమానము. అది ఏ దిక్కునకు పడుకొనియున్నదో, ప్రక్కనున్న దానికి ఎంత దూరమున నున్నదో వ్రాసికొనక తీసిన యెముక ప్రదర్శనశాలకు అలంకారమగును గాని చరిత్రకు ఉపకరింపదు.

తలలు లేని మందలు

ఈ విద్య యొక్క ప్రయోజనము మాలేరికంటె పైనున్న కోట శిలలలో బాగుగా తెలియును. సిరొంచ సమీపమున ప్రాణహిత యొడ్డుననున్న కోట గ్రామము పేరిట ప్రసిద్ధమైన ఈ శిలలు సుమారు 18, 19 కోట్ల సంవత్సరముల నాటివి. హైపెరోడపెడాన్, పారాసూకస్‌లు అప్పటికి లేవు. నేల భారీ డైనోసారులది. సిరొంచవైపున పోచంపల్లి యను గ్రామముచెంత (చీరలకు పేరుగన్న పోచంపల్లి వేఱు) గణాంక సంస్థవారు ఒక మహాకాయుని ఎముకలను కనుగొని, రవీంద్రనాథ టాగోరు శతజయంతి వత్సరమగు 1961లో త్రవ్వకము సాగించుటచేత, 1975లో దానికి బారాపాసారస్ టాగోరై యని పేరిడిరి. సుమారు 14 మీటర్ల పొడవుగల ఆ జంతువు నేడు కలకత్తాలోని ఆ సంస్థ మందిరమున నిలిచియున్నది. మంచిర్యాల ప్రాంతపు యామనపల్లికడ భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖకు చెందిన పి. యాదగిరి పరిశోధించిన మఱియొక జాతికి 1988లో కోటసారస్ యామనపల్లియెన్సిస్ అను నామము కలిగినది; హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రమున పిల్లలు మెడలెత్తి చూచు సుమారు 9 మీటర్ల అస్థిపంజరము దీనిదే.

ఈ రెండింటి విషయమునను ఒక చిత్రము గలదు. బారాపాసారస్ ఎముకలు సుమారు 300 దొరకినవి. అవి కనీసము ఆఱు జంతువులకు చెందినవి. కోటసారస్ ఎముకలు 840. అవి కనీసము పండ్రెండింటివి. ఇన్ని దొరకియు ఒక్క తలయైనను దొరకలేదు. కొన్ని దంతములు మాత్రము చిక్కినవి. ప్రదర్శనశాలలో మనకు కనబడు తల, బంధువులగు ఇతర జాతులను చూచి నిపుణులు తీర్చిన రూపము.

తలలేమైనవి? వోరీస్ పరీక్షలో కపాలమే కడపటివఱకు నిలిచినది గదా యని చదువరి ఆక్షేపింపవచ్చును. ఆ యాక్షేపణ సమంజసమే. కాని గొఱ్ఱె కపాలమునకును ఈ డైనోసారు కపాలమునకును సామ్యము లేదు. పొడుగైన మెడ చివర మోయవలసిన తల గనుక అది శరీరమును చూడగా మిక్కిలి చిన్నదిగా, సన్నని యెముకల కూర్పుగా, మెడకు వదులుగా అతుకబడి యుండెడిది. కళేబరము కుళ్లి నీటిలో దొర్లుచుండగా మొట్టమొదట ఊడిపోవునదియు, ఊడిన వెంటనే ముక్కలగునదియు అదియే. దంతము మాత్రము గట్టిది గనుక నిలిచినది.

ఇక అన్ని జంతువులు ఒక్కచోట ఎట్లు చేరెను? బారాపాసారస్ ఎముకల నడుమ పెద్ద పెద్ద చెట్ల మ్రాకులు ఱాళ్లై పడియున్నవి. చెట్లను కూకటివ్రేళ్లతో పెకలించి, ఏనుగులకు మించిన మృగములతో గలిపి యొకచోటికి నెట్టగల శక్తి పెనువఱదకు దప్ప వేఱొకదానికి లేదు. ఆ యెముకలన్నియు ఒకే జాతివి కావడము మందను సూచించుచున్నది. మంద యున్నదనగా అంతటి తిండిపోతుల నన్నింటిని పోషింపగల దట్టమైన వృక్షసంపద యున్నదని యర్థము. వఱద యున్నదనగా నదులు ఋతువును బట్టి పొంగుచుండెనని యర్థము. అయినను అవి బ్రతికినది ఆ యిసుకపైననే యని చెప్పుటకు వలనుపడదు. ఎగువ నెక్కడనో మేసినవానిని నది ఇచ్చటికి దెచ్చి దింపినది.

చేపల వ్యాజ్యము

కోటలో దొరకిన చేపల కథ ఇంతకంటె చిక్కైనది. మందమై, మెఱయుచు, పలకలవలె నుండు పొలుసులు గల లెపిడోటిస్ అను చేపను ఇచ్చటి సున్నపురాతినుండి గైకొని, 1851లోనే ఎగర్టన్ అను ఆంగ్ల పండితుడు వర్ణించెను. చేపలు చెదరక, పొలుసు రాలక నిలుచుటచేత సున్నపు బురద నెమ్మదిగా దిగుచుండిన నిశ్చలజలమని వెంటనే తెలిసినది. అలలు గాని, అడుగున ప్రాకి తినెడి పురుగులు గాని ఉండినచో ఆ చేపలు ముక్కలైయుండెడివి. కాని ఆ జలము ఉప్పునీరా, మంచినీరా?

ఇట్టి చేపల బంధువులు ఐరోపాలో సముద్రశిలలలో దొరకుచున్నవి. దానినిబట్టి సముద్రపు పాయ యొకటి ఇచ్చటివఱకు చొచ్చుకొనివచ్చెనని యూహించుట తేలిక. చేప యొక్కటే సాక్షి యైనచో ఆ తీర్పే నిలిచియుండెడిది. తరువాత అదే సున్నపురాతిని పొడిచేసి సూక్ష్మదర్శినిలో పరిశీలింపగా, మంచినీట బ్రతుకు చిన్న గుల్లపురుగులును, చెఱువులలో పెరుగు నాచువంటి మొక్కల సున్నపు గింజలును బయల్పడెను. పెద్దచేప ఏటికెదురీది సముద్రమునుండి రాగలదు. ఇసుకరేణువంత గుల్లపురుగు తాను పుట్టిన నీటిని విడిచి పోజాలదు. చేపకంటె చిన్నప్రాణియే ఇచ్చట నమ్మదగిన సాక్షి. కీటకముల రెక్కలు, ఎగిరెడి సరీసృపపు ఎముకలు, ఎలుకంత క్షీరదముల దంతములు సైతము కోట శిలలలో చిక్కుటచే, ఒడ్డున పచ్చదనము గల మంచినీటి సరస్సు యొక్క చిత్రము నిలిచినది. ఆ క్షీరదములలో నొకదానికి, భారతదేశమును తన యిల్లుగా చేసికొన్న జీవశాస్త్రజ్ఞుడు జె. బి. ఎస్. హాల్డేను పేరిట కోటాథీరియం హాల్డేనీ యని పేరు కలదు.

వివరణ: పంటిలో దాగిన వాన

నీటిలోని ఆక్సిజను పరమాణువులన్నియు ఒకే బరువువి గావు. ఎక్కువభాగము తేలికవి, కొలదిగా బరువైనవి. ఎండకు నీరు ఆవిరియగునపుడు తేలికనీరు ముందుగా లేచిపోవును; మిగిలిన చెఱువులో బరువైనదాని పాలు హెచ్చును. అనగా ఎండకారు ముదిరినకొలది నీరు బరువెక్కును, వానలు పడగనే తేలికపడును. ఆ నీరు త్రాగిన జంతువు పంటిపింగాణి పొరపొరగా పెరుగుచు ఆయా నాటి నీటి పాళమును తనలో నిలుపుకొనును. పంటిని మొదటినుండి కొసవఱకు కొంచెము కొంచెముగా గీకి తూచినచో ఒకే జంతువు చూచిన ఎండలును వానలును వరుసగా తెలియవచ్చును. ఆక్సిజను పాళమునుబట్టి ప్రాచీనకాలపు వేడిని లెక్కింపవచ్చునని 1947లో హెరాల్డ్ యూరీ అను రసాయనశాస్త్రజ్ఞుడు సూచించెను. భూగర్భజలము ఎముకలోని పాళమును చెఱుపగలదు. పింగాణి గట్టిది గనుక దానినే నమ్ముదురు.

కర్నూలు గుహలు

కోట్ల సంవత్సరముల లెక్కనుండి లక్షల లెక్కకు దిగినచో తెలుగుదేశముననే మఱియొక గొప్ప స్థలమున్నది. బేతంచెర్ల సమీపపు బిల్లసర్గము గుహలను 1844లో కెప్టెన్ న్యూబోల్డు పేర్కొనెను. 1884, 85 సంవత్సరములలో భూగర్భశాస్త్రజ్ఞుడగు రాబర్టు బ్రూస్ ఫుటును, ఆయన కుమారుడును అచ్చట త్రవ్వించిరి. ఆ యెముకలను పరిశీలించిన లిడెక్కరు 1886లో వానిలో ఖడ్గమృగమును గూడ గుర్తించెను. కర్నూలు సున్నపుగుట్టలలో ఖడ్గమృగ మనిన నేడు నవ్వుదుము. నీరును పచ్చికయు లేనిచో అది బ్రతుకనేరదు.

గుహలోని యెముకలను చేర్చినది నది గాదు. దుమ్ములగొండి తాను కొఱికిన యెముకలను గుహకు ఈడ్చుకొనివచ్చును. ముండ్లపంది పండ్ల నూఱుకొనుటకు వానిని కొఱుకును. గుడ్లగూబ తాను మ్రింగిన ఎలుకల వెండ్రుకలను ఎముకలను ఉండగా గ్రక్కి క్రింద పడవేయును. ఎవరు చేర్చిరో పంటిగాట్లను బట్టి తెలిసికొనక, గుహలోని జంతువులన్నియు గుహలో కాపురముండినవని తలపరాదు.

ఈ శతాబ్దిలో ఆ గుహలను మఱల త్రవ్వి, పొరలకు కాలనిర్ణయము చేసిన శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించిన ఫలితము ఆలోచింపదగినది. సుమారు 2 లక్షల సంవత్సరముల వ్యవధిలో గుర్తింపబడిన 21 రకముల క్షీరదములలో ఒక్కటి దప్ప తక్కినవన్నియు ఉపఖండమున నేటివఱకు నిలిచియున్నవి. ఆ నడుమ ఎన్ని కఱవులు వచ్చెనో, ఎన్ని చలికాలములు సాగెనో; సుమారు 74 వేల యేండ్ల క్రిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతము ప్రేలి, దాని బూడిద అదే ప్రాంతపు జ్వాలాపురమునందును పేరుకొన్నది. ఐరోపాలోను, అమెరికాలోను ఆ కాలముననే ఎన్నియో మహామృగములు నశించెను. ఇచ్చట నశింపకుండుటకు కారణము, అడవియు, పచ్చికబయలును, గుట్టయు, నీటిపట్టును ఒకదానినొకటి ఆనుకొనియుండుటచే, ఒకచోట కఱవు వచ్చిన జంతువు వేఱొకచోటికి జరిగి తలదాచుకొన గలిగె ననుట. పోయిన ఆ యొక్కటి గెలాడా జాతి కోతి; దాని బంధువులు నేడు ఇథియోపియా కొండలపై మాత్రమే గలవు.

ఫుటు కాలమున కూలీలు కంటికానిన యెముకలను చేతితో ఏరిరి. నేటివారు గుహమట్టిని సన్నని జల్లెడలలో పోసి నీటితో కడిగి, ఆవగింజంత ఎలుకపంటిని సైతము విడువక తీయుచున్నారు. ఖడ్గమృగము దూరము నడచును, దుమ్ములగొండి దాని యెముకను ఎంతదూరమునుండియో మోసికొనిరాగలదు. కాని గుడ్లగూబ వేటాడు మేర కొలది క్రోసులు మాత్రమే. పచ్చికలో నుండు ఎలుక వేఱు, ఱాతిగుట్టలలో నుండు ఎలుక వేఱు, పొలముగట్టున నుండు ఎలుక వేఱు; వీనిలో ఏది ఏ పొరలో హెచ్చెనో, ఏది తగ్గెనో లెక్కించినచో, ఆ గుహద్వారమునుండి చూచినపుడు ఆయా కాలములయందు కనబడిన నేల ఎట్టిదో తెలియును.